పన్నుకు మచ్చు

ఆ బుధవారం పొద్దున కన్నమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడింటికి జూలూరుపాడులో దిగాలి. మూడు నెలల కింద తెరిచిన పళ్ల దవాఖానాలో పైవరుస ముందు పన్ను పీకించుకోవాలి. ఎనిమిదింటికి సెంటర్లో ముఠా ట్రాలీ ఆటోను అందుకుని మిర్చి కల్లానికి పోవాలి. పన్ను పీకడానికి కలుపు మొక్క పీకినంత సేపు చాలని ఆమె నమ్మకం.

కన్నమ్మ ముప్పై మంది ఆడవాళ్ల ముఠాకు మేస్త్రీ. మిర్చి ఎండిన తరువాత కల్లంలో కూర్చుని, రంగు పోయిన తాలు కాయలను ఎర్రటి కాయల నుంచి ఏరి పక్కన వేయడం వాళ్ల పని. కన్నమ్మ కూర్చుని ఏరించిన సరుకంటే ఖమ్మం మార్కెట్లో వ్యాపారి రెండో బస్తా విప్పించడని పేరు. పది అడుగుల దూరంలో ఉన్న కుప్పలో ఒక్క తాలు కాయ ఉన్నా ఆమెకు కనిపించేది. కల్లం దాటి ఇంటికొచ్చినా ఆ చూపు ఆగేది కాదు. పాలవాడి పాలలో, కొట్టువాడి పసుపులో, చివరికి పెళ్లిచూపులకు పంపిన ఫొటోలో పిల్ల బుగ్గల మీద కూడా కన్నమ్మకు ముందు కనిపించేది ఎవరో కలిపిన రంగే.

దవాఖానా నడిపే భార్గవి దగ్గరలోని తండా పిల్ల. ఆ తండాలో పళ్ల డాక్టరు చదువు చదివిన మొదటి మనిషి. ఊళ్లోనే ఉండి పనిచేయాలని ఆమె పట్టుదల. అయితే ఈ మూడు నెలల్లో తలుపు తోసుకుని వచ్చినవాళ్లలో సగం మంది మందుల షాపు ఎక్కడని అడగడానికి వచ్చినవాళ్లే. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసే ఆమె తండ్రి బాబూరావు అందుకే ఒక గడువు పెట్టాడు. మిర్చి సీజన్ ముగిసేలోగా దవాఖానా నిలదొక్కుకోకపోతే తాళం వేసి హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా ఉద్యోగంలో చేరాలి. భార్గవి ఒప్పుకుంది. గడువు ఎప్పుడు ముగుస్తుందో గుర్తు చేయడానికి కిటికీ అవతల కల్లాలే ఉన్నాయి.

కన్నమ్మ కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. "పీకెయ్ బిడ్డా, జల్దీ. ఆటో వస్తది."

భార్గవి పీకలేదు. పన్నుకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగి, ఎక్స్‌రే తీసి చూపించింది. రెండేళ్ల కింద లేగదూడ తల విదిలించినప్పుడు తగిలిన దెబ్బకు పన్ను లోపలి నరం చచ్చిపోయిందనీ, దాని చీము వల్లే వారం నుంచి చిగురు వాచిందనీ, పన్ను మాత్రం గట్టిగా ఉందనీ చెప్పింది. రూట్ కెనాల్ చేస్తే బతికినన్నాళ్లు ఉంటుందంది.

రూట్ కెనాల్ అనే మాట వినగానే కన్నమ్మ నోరు మూసుకుని వాకిలి వైపు చూసింది. ఆమె తోడికోడలు రామక్కకు తొమ్మిదేళ్ల కింద వేరే ఊళ్లో ఎవరో అదే పేరు చెప్పి ముందు పన్నుకు వైద్యం చేశారు. నొప్పి పోయింది. ఏడాది తిరిగేసరికి పన్ను మబ్బు రంగుకు, రెండేళ్లకు నేరేడు రంగుకు తిరిగింది. అప్పటినుంచి రామక్క కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది లేదు. ఊళ్లో ఇంకో రామక్క లేకపోయినా ఈమెను నల్లపన్ను రామక్క అనే అంటారు.

"అందుల సిమెంటు పెడ్తరట గద, మా రామక్కకు పెడ్తె పన్నే నల్లబడ్డది," అంది కన్నమ్మ. "నువ్వు పెట్టే సిమెంటు ఏ రంగు?"

భార్గవి డబ్బా మూత తీసి చూపించింది. బూడిద రంగుది ఇంకొకటి ఉంటుందనీ, అందులో కలిపే ఒక లోహానికి వెలుతురు తగిలినా, వేరు కడిగే మందు తగిలినా నల్లబడుతుందనీ, తాను అది వాడననీ చెప్పింది.

"తెల్లది గాబట్టి నా పన్ను నల్లగ గాదంటవ్."

"తెల్లదైనంత మాత్రాన గాదు పెద్దమ్మా. ఎంత మంచి సిమెంటైనా పైకి కనిపించే భాగంల కొంచెం మిగిలిపోతే, ఎన్నడో ఒకనాడు రంగు దిగుతది. గందుకే నేను సిమెంటును చిగురు కంటె లోపలికి కోసేస్త. పైనంత స్పిరిట్‌తోని తుడుస్త. తెల్లటి పొర ఒకటి ఏసి, గప్పుడు మూస్త. రామక్కకు ఆ తుడుసుడు జరగలేదేమో."

కన్నమ్మ కొంచెం మెత్తబడింది. మంచి సరుకు అని ఒట్టు వేసే వ్యాపారిని ఆమె ఎప్పుడూ నమ్మలేదు. సరుకు ఎక్కడ చెడుతుందో తానే చెప్పే వ్యాపారిని మాత్రం సగం నమ్మేది. భార్గవికి ఆ సగం దక్కింది.

పని మొదలుపెట్టే ముందు భార్గవి ఒక గుత్తి తెచ్చింది. తాళాల గుత్తిలా ఉంది. తాళాలకు బదులు పుల్లలు, ప్రతి పుల్ల చివర ఒక ప్లాస్టిక్ పన్ను ఉన్నాయి. ఒక్కొక్క పన్నుది ఒక్కొక్క తెలుపు. ఒక్కొక్కటే కన్నమ్మ పన్ను పక్కన పెట్టి చూసి, ఒక పుల్ల దగ్గర ఆగింది. దాని రంగు నంబరు "ఏ త్రీ" అని తన దగ్గర పనిచేసే పుష్పలతకు చెప్పి రాయించింది. ఆ పుల్లను పన్ను పక్కనే పట్టుకుని ఫోన్లో ఫొటో తీసింది. నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోయి లేని తెలుపు కనిపిస్తుందనీ, అందుకే మొదటే చూడాలనీ చెప్పింది.

"తడి కాయకు, ఆరిన కాయకు గూడ గదే తేడా," అంది కన్నమ్మ. ఆమె మొదటిసారి భార్గవిని పనిమంతురాలిగా చూసింది. ఆ గుత్తి ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అది మచ్చు.

మార్కెట్లో సరుకు బేరానికి పెట్టే ముందు బస్తాలోంచి గుప్పెడు కాయ మచ్చు తీస్తారు. కొంత వ్యాపారి దగ్గర ఉంటుంది, కొంత రైతు తువ్వాలలో ముడి వేసుకుంటాడు. కాటా అయ్యేదాకా ఎవరి మచ్చు వాళ్ల దగ్గర ఉండాలి. రేపు రంగు తేడా వచ్చిందని మాట వస్తే ఎవరి మచ్చు వాళ్లు విప్పి పక్కన పెడతారు. కన్నమ్మ ముప్పై ఏళ్లుగా ఆ పద్ధతిలో బతికిన మనిషి.

వారం తరువాత రెండోసారి వచ్చినప్పుడు పని పూర్తయింది. భార్గవి చెప్పినట్టే కోసింది, తుడిచింది, మూసింది. పన్ను పన్నులాగే ఉంది. ఇక రంగు మారితే వారాల్లో తెలియదనీ, నెలల్లో తెలుస్తుందనీ, నెలకోసారి వచ్చి చూపించుకొమ్మనీ చెప్పి చేతులు కడుక్కోవడానికి పోయింది.

నెలల్లో తెలుస్తుందన్న మాట కన్నమ్మకు కొత్త అనుమానం తెచ్చింది. అన్ని నెలలు మొదటి రంగు ఎవరికి గుర్తుంటుంది? ఫోను ఫొటోలను ఆమె లెక్కలోకి తీసుకోదు. ఫోన్లో తాలు కాయ కూడా ఎర్రగానే వస్తుంది. బల్ల మీద గుత్తి ఉంది. ఏ త్రీ పుల్ల ఏదో ఆమె కంటికి అక్షరాలతో పని లేకుండానే తెలిసింది. దాన్ని గుత్తి నుంచి లాగి, కొంగు చివర ముడిలో వేసుకుంది. ఆ ముడిలో అప్పటికే వక్క పలుకులు, పొగాకు ముక్క ఉన్నాయి. దొంగతనమన్న ఆలోచన ఆమెకు రాలేదు. సరుకు తనది, డాక్టరు మచ్చు ఫోన్లో ఉంది, రెండో వాటా తనది. అడగాల్సిన పని కూడా లేదు. మార్కెట్లో ఎవరూ అడగరు.

ఆ సాయంత్రం గుత్తిలో ఏ త్రీ లేదని భార్గవి చూసింది. బల్ల కింద, చెత్తబుట్టలో, సింకు గొట్టంలో వెతికారు. దవాఖానాలో ఉండేది ఇద్దరే. మర్నాటి నుంచి భార్గవి సాయంత్రం సామాను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పుష్పలత అది గమనించింది. ఆమె ఇంటికి పోయే ముందు తన బ్యాగు జిప్పు తీసి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది.

"గదెందుకు?" అంది భార్గవి మూడో రోజు.

"చూసుకోండ్రి మేడం."

"నేనేమన్న అన్ననా?"

"అనలే. గందుకే చూసుకోమంటున్న."

గుత్తిలో ఒక్క పుల్లను విడిగా అమ్మరు. భార్గవి కొత్త గుత్తికి ఆర్డర్ పెట్టింది. ఆ పార్సిల్ కొత్తగూడెం దాకా వచ్చి, అక్కడినుంచి ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. చుట్టుపక్కల వయసు మళ్లినవాళ్లలో చాలామంది పళ్లకు సరిపోయే రంగు ఆ ఏ త్రీయే.

వారం తిరగకముందే తండా పెద్దమనిషి బిచ్యా వచ్చాడు. ఎముక కొరికితే ముందు పన్ను మూల విరిగింది. ఏ త్రీ పుల్ల లేకపోవడంతో భార్గవి గుత్తిలో దాని ముందుదాన్నీ వెనకదాన్నీ పట్టి చూసి, మధ్య రంగును అంచనా వేసుకుని విరిగిన మూల కట్టింది. మబ్బు పట్టిన సాయంత్రం. లైటు కింద సరిగ్గానే కనిపించింది. బయట వెలుతురులో చూస్తే ఆ మూల మిగతా పళ్ల కంటే బాగా తెల్లగా, విడిగా మెరుస్తోంది. మళ్లీ చేస్తాను కూర్చొమ్మని ఆమె బతిమాలింది. బిచ్యా అద్దంలో అటూ ఇటూ చూసుకుని ససేమిరా అన్నాడు. ఇంత తెల్లటి వస్తువు తన ఒంటి మీద ఎన్నడూ లేదన్నాడు. ఆ రోజు నుంచి తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ నవ్వుతూ తిరిగాడు. అంతకుముందు అతను నవ్వగా చూసినవాళ్లు తండాలో తక్కువ.

ఈలోగా కన్నమ్మ రోజూ పొద్దున తూర్పు ముఖంగా వాకిట్లో కూర్చుని తన పన్నునూ మచ్చునూ పక్కపక్కన పెట్టి చూసుకునేది. అద్దం పట్టుకోవడం ఆమె భర్త దూలయ్య పని. రంగుల విషయంలో ఆయన అభిప్రాయం పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె ఎప్పుడూ అడగలేదు. చూడడం అయ్యాక మచ్చు కొంగు ముడిలోకి పోయేది. ముడి ఆమెతో కల్లానికి పోయేది. కల్లంలో పొద్దంతా కారం దుమ్ము. మండకుండా కొబ్బరినూనె రాసుకున్న చేతులతోనే ఆమె రోజుకు పదిసార్లు ముడి విప్పి వక్క తీసుకునేది.

మొదటి వారం రెండూ ఒక్కటే రంగు. రెండో వారం ఏదో తేడా ఉందనిపించింది. నెల తిరిగేసరికి అనుమానం పోయి నిజమని తేలింది. పన్ను, మచ్చు ఒక్క రంగు కాదు. కానీ ఆమె భయపడినట్టు పన్ను నల్లబడలేదు. మచ్చు కంటే తెల్లగా ఉంది.

ఇంకొకరైతే సంతోషపడేవాళ్లు. కన్నమ్మకు అన్నం దిగలేదు. మచ్చు కంటే ముదిరిన సరుకును ఆమె చూసింది, వెలిసిన సరుకును చూసింది. మచ్చు కంటే మెరిసే సరుకును కూడా చూసింది. అది ఒక్క సందర్భంలోనే జరుగుతుంది. ఎవరో రంగు చల్లినప్పుడు.

"ఆ ముక్కే కొంచెం ఎర్రబడ్డట్టు లేదూ?" అన్నాడు దూలయ్య అద్దం వెనక నుంచి.

"అద్దం నిటారుగ పట్టు," అంది కన్నమ్మ.

ఆ వారం సంతలో ఆమెకు బిచ్యా ఎదురయ్యాడు. ఎండ నడినెత్తి మీద ఉంది. బిచ్యా నవ్వాడు. కన్నమ్మ అక్కడే ఆగిపోయింది. ఏ దవాఖానాలో చేయించావని అడిగింది. ఆయన సంతోషంగా భార్గవి పేరు చెప్పి, మా తండా పిల్లేనంటూ ఇంకా పెద్దగా నవ్వాడు. కన్నమ్మకు ఇక సాక్ష్యం అక్కరలేకపోయింది. అక్కడ పళ్లకు రంగు వేస్తున్నారు. లోపల సిమెంటు నల్లబడుతోంది, పైన తెల్లరంగు కప్పుతోంది. రంగు అరిగిన రోజు రామక్క పన్నే అందరికీ.

మర్నాడు కల్లంలో ఆమె ఈ సంగతి ఒక్కరికే, అదీ మెల్లగా చెప్పింది. సాయంత్రం ట్రాలీ ఆటో ఎక్కేసరికి ముప్పై మందికి తెలుసు. ఆ ముఠా మండలంలో పన్నెండు ఊళ్లు తిరుగుతుంది. ముఠాలోనే ఉన్న రామక్క మాత్రం కన్నమ్మ పన్నునే చాలాసేపు చూసింది.

ఆ తరువాత వారం భార్గవి దవాఖానాకు ఒక్కసారిగా జనం పెరిగారు. ఒక్క రోజే పదకొండు మంది ఆడవాళ్లు వచ్చారు. ఒక్కరూ కుర్చీ ఎక్కలేదు. ఒకామె సిమెంటు డబ్బా చూపించమంది. ఇంకొకామె చెత్తబుట్టలోకి తొంగి చూసింది. మరొకామె గోడను గోరుతో గీకి, ఈ సున్నం మిగిలిందా అని అడిగింది. వీళ్లు ఎవరో పంపిన తనిఖీ మనుషులని పుష్పలత తేల్చింది. భార్గవి ఆ మాట నమ్మలేదు కానీ, రిజిస్టర్లు మాత్రం మళ్లీ ఒకసారి సరిచేసుకుంది. వచ్చినవాళ్లంతా పోయేటప్పుడు పుష్పలత బ్యాగు జిప్పు తీసి ఉండడం చూసి, దానర్థం ఏమిటో కూడా మాట్లాడుకుంటూ పోయారు.

రెండో నెల తిరిగేసరికి ఈ మాట కరెంటు స్తంభం మీద ఉన్న బాబూరావు దాకా చేరింది. కింద నిలబడ్డ రైతు తల ఎత్తి, ఆయన బిడ్డ పళ్లకు రంగులు వేస్తుందట గదా, తన ఎద్దుల కొమ్ములకు కూడా వేస్తుందా అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. బాబూరావు స్తంభం దిగి నేరుగా దవాఖానాకు వచ్చాడు.

"ఇంక చాలు బిడ్డా," అన్నాడు. "సీజన్ దాకా ఎందుకు? రేపే హైదరాబాద్‌కు ఫోన్ జెయ్."

"ఎవరన్నరు నాన్నా గా మాట?"

"అందరు అంటుండ్రు."

"అందరికి చెప్పింది ఎవరు?"

బాబూరావుకు తెలిసినంతలో అది కన్నమ్మ ముఠాలో పుట్టింది. భార్గవి గోడకున్న క్యాలెండరు చూసింది. కన్నమ్మ నెల చూపింపుకు రాలేదు. రెండో నెలకూ రాలేదు. పన్ను నిజంగానే రంగు మారిందేమోనన్న అనుమానం మొదటిసారి భార్గవికే వచ్చింది. సరిగ్గా తుడిచానా? ఆ సందేహంతో ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. హైదరాబాద్‌కు ఫోను చేయడం తాను వైద్యం చేసిన ఆ పన్ను చూసుకున్నాకే అని తండ్రికి చెప్పి, పెట్టె సర్దుకుని బయలుదేరింది. పుష్పలత వెనక ఎక్కింది. బాబూరావు బండి నడిపాడు.

కల్లంలో అప్పుడే అన్నాలు తిని కూర్చున్నారు. పట్టాల మీద మిర్చి నిప్పులు పరిచినట్టు ఉంది. ముగ్గురికీ ఒకేసారి తుమ్ములు వచ్చాయి. వాళ్ల తుమ్ములు ఆగేదాకా ముప్పై మంది మర్యాదగా ఆగారు.

భార్గవి ముందు పన్ను చూపించమంది. కన్నమ్మ చూపించలేదు. ముందు తాను పరీక్ష చేస్తానంది. రంగు చల్లిన కాయను పట్టుకునే పరీక్ష ఊళ్లో అందరికీ తెలిసిందే. దూదిని నూనెలో ముంచి కాయను రుద్దితే, చల్లిన రంగు దూదికి దిగుతుంది, పుట్టిన రంగు దిగదు. పుష్పలత పెట్టెలోంచి దూది తీయబోతే కన్నమ్మ వద్దంది. దవాఖానా దూదికి ఏం పూశారో ఎవరికి తెలుసు? పక్క చేనులో మిగిలిన పత్తి కాయను ఒకామెతో తెంపించి, తన కొబ్బరినూనె సీసాలోనే ముంచి, అందరూ చూస్తుండగా పన్నును బలంగా రుద్దుకుంది.

దూది తెల్లగా ఉంది. ఇంకో వైపు తిప్పి రుద్దింది. తెల్లగానే ఉంది. ఆ దూది చేతులు మారుతూ ముప్పై మందీ చూశాక ఆమె దగ్గరికి తిరిగొచ్చింది.

"గట్టి రంగు ఏసినట్టున్నవ్," అంది కన్నమ్మ. "గందుకే నా దగ్గర మచ్చు పెట్టుకున్న."

ఆమె కొంగు ముడి విప్పింది. వక్క పలుకులు, పొగాకు పక్కకు జరిపి, పుల్లను తీసి ఎండలో పైకి ఎత్తింది.

"మేడం," అంది పుష్పలత చాలా మెల్లగా. "మన ఏ త్రీ."

భార్గవి దాన్ని చూసింది. తరువాత పుష్పలత వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. రెండు నెలలుగా సాయంత్రాలు తాను లెక్కపెట్టిన సామాను అంతా ఆమెకు గుర్తొచ్చింది.

"మొదటి దినం నువ్వే దీన్ని నా పన్ను పక్కన పెట్టినవ్," అంటోంది కన్నమ్మ. "సరిపోయిందన్నవ్. ఇప్పుడు జూడు, పన్ను ఎట్లున్నది, ఇది ఎట్లున్నది. అబద్ధమైతే చెప్పు."

అబద్ధం కాదు. పుల్ల చివర ప్లాస్టిక్ పన్ను ఇటుక రంగులో ఉంది. దాని పక్కన కన్నమ్మ పన్ను కడిగిన బియ్యపు గింజలా ఉంది. బాబూరావుకు తన బిడ్డ సామాను ఇక్కడికి ఎలా వచ్చిందో అడగాలనిపించింది. అడగబోయేంతలో భార్గవి చేయి అడ్డం పెట్టింది.

"పన్నును రుద్దినవ్ గద పెద్దమ్మా. మచ్చును గూడ రుద్దు."

ఇది న్యాయమైన మాట. రెండు వైపుల సరుకూ ఒకే పరీక్షకు నిలబడాలి. కన్నమ్మ కొత్త పత్తి తీసుకుని నూనెలో ముంచి పుల్లను రుద్దింది. దూది ఎర్రబడింది. తిప్పి రుద్దింది. పసుపు, దాని కింద పొగాకు రంగు వచ్చాయి. ఆమె చేయి కాసేపు ఆగింది. తరువాత ఎవరూ చెప్పకుండానే ఇంకో దూది తీసుకుంది. పుష్పలత స్పిరిట్ సీసా ముందుకు జరిపింది. ఈసారి కన్నమ్మ వద్దనలేదు. నాలుగో దూదికి పుల్ల మీద ఏ త్రీ అనే అక్షరాలు కనిపించాయి. ఆరో దూది తెల్లగా వచ్చింది.

రామక్క లేచి వచ్చి తన కొంగు ముడిలోంచి చిన్న అద్దం తీసి పట్టుకుంది. కన్నమ్మ పుల్లను పన్ను పక్కన పెట్టుకుని చూసింది. ఎండ వైపు తిరిగి చూసింది. నీడలోకి వంగి చూసింది. ప్లాస్టిక్ ఎక్కడ ఆగి పన్ను ఎక్కడ మొదలైందో ముప్పై ఏళ్ల కంటికి కూడా దొరకలేదు.

మేస్త్రీ కన్ను తప్పడం ముప్పై మందీ చూడడం అదే మొదటిసారి. ఇప్పుడేం చేస్తుందోనని అందరూ ఆమె చేతి వైపే చూశారు. తాలు కాయ ఏరినప్పుడు వేసే కుప్ప పక్కనే ఉంది. కన్నమ్మ తన కొంగు ముడిని దులిపి, వక్క పలుకులు, పొగాకు ముక్క ఆ కుప్ప మీద వేసింది.

"సరుకు మంచిదే," అంది అందరికీ వినిపించేలా. "మచ్చు పాడైంది. పాడు జేసింది నేను."

మొదట నవ్వింది రామక్క. అద్దం ఒక చేతిలో, దూదులు ఇంకో చేతిలో ఉండడంతో కొంగు అడ్డం పెట్టుకోవడం ఆమెకు కుదరలేదు. ఏడేళ్ల తరువాత ఆ నల్ల పన్ను ఎండ చూసింది. ఎవరూ దాన్ని గురించి ఏమీ అనకపోవడంతో ఆమె కాసేపు అలాగే నవ్వి, భార్గవి పక్కన కూర్చుంది.

"నా దాంట్ల సిమెంటు ఉన్నది ఉన్నట్టే ఉన్నది బిడ్డా. తీయొస్తదా?"

భార్గవి ఆమె నోరు తెరిపించి చూసింది. వెనక నుంచి తెరిచి, పైభాగంలో మిగిలిన పాత సిమెంటు తీసి శుభ్రం చేసి, లోపల మందు పెట్టి కొన్ని వారాలు చూడవచ్చంది. చాలావరకు తెలుపు వస్తుందనీ, మొత్తం వస్తుందని మాత్రం ఒట్టు వేయననీ చెప్పింది. ఒట్టు వేయనన్న మాట దగ్గర కన్నమ్మ తల ఊపింది. అలాగే ఇప్పటిదాకా తన పన్ను బాగుందంటే పని అయిపోయినట్టు కాదనీ, ఏడాది దాకా చూపించుకోవాల్సిందేననీ భార్గవి కన్నమ్మకు కూడా చెప్పింది. ఈసారి చూపింపు రోజు ఎప్పుడో ముప్పై మందీ గుర్తుపెట్టుకున్నారు.

తిరుగు దారిలో భార్గవి పుష్పలతకు క్షమాపణ చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించింది. బండి చప్పుడులో తనకేమీ వినబడలేదని పుష్పలత రెండుసార్లు చెప్పించుకుంది.

మిర్చి సీజన్ ముగిసిన వారం, గడువు సంగతి మాట్లాడడానికి బాబూరావు దవాఖానాకు వచ్చాడు. బెంచీ మీద చోటు లేదు. గుమ్మం బయట పద్దెనిమిది జతల చెప్పులున్నాయి. లోపల రామక్క రెండో విడత మందు పెట్టించుకుంటోంది. ఆమె పన్ను నేరేడు నుంచి మబ్బు రంగు దాకా వెనక్కి వచ్చింది. బిచ్యా కూడా వచ్చి కూర్చున్నాడు. విరిగిన మూలను సరైన రంగుకు మారుస్తానని భార్గవి మళ్లీ అడిగితే, ఆయన మిగతా పళ్లనే దాని రంగుకు మార్చమన్నాడు. బాబూరావు కాసేపు నిలబడి, స్విచ్చు బోర్డు వైరు వదులుగా ఉందని బిగించి వెళ్లిపోయాడు. హైదరాబాద్ మాట ఎత్తలేదు.

కొత్త గుత్తి కూడా ఎట్టకేలకు వచ్చింది. పుష్పలత దాన్ని బ్యాంకులో పెన్ను కట్టినట్టు లావుపాటి దారంతో బల్లకు కట్టింది. కన్నమ్మ పన్ను చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ముందు ఆ ముడిని లాగి చూసి, గట్టిగానే ఉందని తేలాక కానీ నోరు తెరవదు.